పత్తి చేలోంచి ఓటు దాకా: ఫ్యానీ లూ హేమర్ జీవితం

ఏటా జనవరిలో మూడో సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ పేరు మీద సెలవు. ఆయన పేరు తెలియని తెలుగువారు అమెరికాలో ఉండరు. ఫిబ్రవరి వచ్చిందంటే మన పిల్లలు బడిలో రోజా పార్క్స్ మీద ప్రాజెక్టులు చేస్తారు, పోస్టరు బోర్డు కోసం రాత్రి తొమ్మిదింటికి మనల్ని షాపుకి పరుగెత్తిస్తారు. అంతవరకు బాగానే ఉంది. అయితే నాలుగైదు పెద్ద పేర్లు తెలిశాక, పౌరహక్కుల ఉద్యమం అంటే ఆ నలుగురైదుగురే నడిపించిందన్న భావం మనసులో స్థిరపడిపోతుంది. ఆ పేర్ల వెనక, ఎండలో పొలం పని చేసుకుంటూ, ఉన్న గూడు కూడా పోగొట్టుకుని ఈ ఉద్యమాన్ని మోసిన మనుషులు వేలల్లో ఉన్నారు.

వాళ్ళలో ఒకావిడ ఫ్యానీ లూ హేమర్. ఆరో తరగతితో చదువు ఆగిపోయింది. 44 ఏళ్ళు వచ్చేదాకా ఆవిడ పత్తి చేలో కూలి మనిషి. ఆ తరువాత రెండేళ్ళు తిరిగేసరికి, ఆవిడ మాటలు దేశం వినకూడదని అమెరికా అధ్యక్షుడే కంగారు పడ్డాడు. ఆవిడ అడిగింది డబ్బు కాదు, పదవి కాదు. ఓటు. మనలో సిటిజెన్‌షిప్ వచ్చినవారికి ఒక ఫారం నింపితే దొరికే ఆ ఓటు కోసం ఆవిడ ఏమేం చెల్లించారో తెలుసుకోవాలనే ఈ వ్యాసం రాస్తున్నాను.

పత్తి చేలో బాల్యం

ఫ్యానీ లూ 1917 అక్టోబరు 6న మిసిసిపీ రాష్ట్రంలో మాంట్గోమరీ కౌంటీలో పుట్టారు. తండ్రి జేమ్స్ లీ టౌన్‌సెండ్, తల్లి లూ ఎల్లా. వాళ్ళకి మొత్తం 20 మంది సంతానం, ఈవిడ అందరికన్నా చిన్న. ఆవిడకి రెండేళ్ళప్పుడు కుటుంబం సన్‌ఫ్లవర్ కౌంటీకి మారింది. మిసిసిపీ డెల్టా అని పిలిచే ప్రాంతం అది. నల్లరేగడి లాంటి సారవంతమైన నేల, కనుచూపు మేర పత్తి. ఎం.ఎస్. అయిపోయాక నా మొదటి ప్రాజెక్టు మెంఫిస్‌లో. వీకెండ్లలో కారు తీసుకుని హైవే 49 మీద ఆ డెల్టా లోంచి వెళ్ళేవాడిని. సెప్టెంబరు ఆఖర్లో పత్తి పగిలి తెల్లగా ఉన్నప్పుడు చూస్తే, గుంటూరు జిల్లాలో పెరిగిన నాకు సొంత ఊరి పొలిమేరలోకి వచ్చినట్టు ఉండేది. తేడా ఏమిటంటే అక్కడ ఒక్కో కమతం వేల ఎకరాలు.

బానిసత్వం 1865లోనే పోయింది. కానీ భూమి మాత్రం పాత యజమానుల దగ్గరే ఉండిపోయింది. నల్లవాళ్ళు వాళ్ళ పొలాల్లోనే సగపాలుకి సాగు చేసేవారు. విత్తనం, ఎరువు, తిండి గింజలు అన్నీ భూస్వామి కొట్లోనే అప్పు మీద తెచ్చుకోవాలి. లెక్కల పుస్తకం భూస్వామి దగ్గరే ఉంటుంది. పంట అయ్యాక లెక్క చూస్తే చేతికి వచ్చేది సున్నా, చాలాసార్లు ఇంకా బాకీయే. వడ్డీ వ్యాపారి చిట్టా తెలిసిన మనవాళ్ళకి ఈ లెక్క ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

ఫ్యానీ లూకి ఆరేళ్ళప్పుడు భూస్వామి ఆ పిల్లని పిలిచి, 30 పౌన్ల పత్తి తీస్తే కొట్లోంచి తినుబండారాలు ఇప్పిస్తానని ఆశ పెట్టాడు. పిల్ల కష్టపడి తీసింది. మరుసటి వారం 60 పౌన్లు తీయమన్నారు. అలా మొదలైన పని మరి ఆగలేదు. బడి ఏడాదికి నాలుగు నెలలే, అదీ పత్తి పని లేని చలికాలంలో. చదువంటే ఆ పిల్లకి ప్రాణం, కానీ పన్నెండేళ్ళకే మానెయ్యవలసి వచ్చింది. చిన్నప్పుడు పోలియో రావడంతో కాలు కొద్దిగా ఈడ్చి నడిచేవారు.

ఒక ఏడాది పంట బాగా పండింది. తండ్రి నాలుగు డబ్బులు కూడబెట్టి కంచరగాడిదలు, సామాన్లు కొని, సొంతంగా భూమి అద్దెకి తీసుకున్నాడు. కుటుంబం గట్టున పడుతోందనుకునే లోపు, ఒక తెల్లవాడు ఆ పశువుల దాణాలో పురుగుల మందు కలిపాడు. పశువులన్నీ చచ్చిపోయాయి. ఆ దెబ్బ నుంచి కుటుంబం మళ్ళీ తేరుకోలేదు. నల్లవాడు ఒక మెట్టు ఎక్కితే చూడలేని వ్యవస్థ ఎలా పని చేస్తుందో ఆ పిల్లకి అలా బోధపడింది.

తూకం రాయి

1944లో పెర్రీ హేమర్‌ని పెళ్ళి చేసుకున్నారు. ఆయన ట్రాక్టరు నడిపేవాడు. రూల్‌విల్ అనే చిన్న ఊరి దగ్గర ఒక ప్లాంటేషన్‌లో ఇద్దరూ 18 ఏళ్ళు పని చేశారు. చదవడం, రాయడం వచ్చు కాబట్టి ఆవిడకి టైమ్‌కీపర్ పని ఇచ్చారు. ఎవరు ఎన్ని గంటలు చేశారు, ఎంత పత్తి తీశారు అని రాసిపెట్టే పని.

ఆ పనిలో ఆవిడ ఒకటి గమనించారు. యజమాని కాటాకి వాడే తూకం రాయి మోసం రాయి. కూలివాళ్ళు తీసిన పత్తి తక్కువ తూగేది. ఆవిడ యజమానితో గొడవ పెట్టుకోలేదు. పెట్టుకుంటే ఆ రోజే పని పోతుంది. సరైన రాయి ఒకటి తనతో పొలానికి తీసుకెళ్ళి, యజమాని కనుచూపులో లేనప్పుడు దానితో తూచేవారు. ఆయన వస్తున్నట్టు కనిపిస్తే మళ్ళీ పాత రాయి పెట్టేసేవారు. ఉద్యమం ఆ ఊరికి రాకముందు, ఎవరూ చెప్పకుండానే, ఆవిడ చేసిన ఉద్యమం అది. మా వైపు రైతులు మార్కెట్ యార్డులో కాటా దగ్గర ఎంత జాగ్రత్తగా నిలబడతారో చూసినవాడిని కాబట్టి, ఆవిడ జీవితంలో అన్నిటికన్నా నాకు ఈ చిన్న సంగతే ముందు గుర్తొస్తుంది.

పిల్లలు కలగకపోవడంతో ఇద్దరు ఆడపిల్లల్ని పెంచుకున్నారు. 1961లో కడుపులో చిన్న గడ్డ ఉందని ఆసుపత్రికి వెళితే, ఆవిడకి ఒక్క మాటైనా చెప్పకుండా గర్భసంచి తీసేశారు. ఆ రోజుల్లో అక్కడి పేద నల్ల ఆడవాళ్ళకి ఇలా జరగడం మామూలే. డాక్టరు మీద కేసు వెయ్యాలంటే తెల్ల లాయరు కావాలి, తెల్ల జడ్జి వినాలి. ఆవిడ ఆ బాధని గుండెలోనే దాచుకున్నారు.

1962 ఆగస్టు

ఆ ఆగస్టులో రూల్‌విల్‌లోని ఒక చర్చిలో మీటింగు జరిగింది. పెట్టినవాళ్ళు స్నిక్ అనే విద్యార్థుల సంఘం వాళ్ళు. చాలామంది ఇరవై ఏళ్ళ పిల్లలే. నల్లవారికి రాజ్యాంగం ప్రకారం ఓటు హక్కు ఉందని, పేరు నమోదు చేసుకోవచ్చని వాళ్ళు చెప్పారు. అమెరికా రాజ్యాంగానికి 15వ సవరణ 1870లోనే వచ్చింది. కానీ 92 ఏళ్ళ తరువాత కూడా, తనలాంటి వాళ్ళు ఓటు వెయ్యొచ్చన్న సంగతి ఆ మీటింగులోనే హేమర్ చెవిన పడింది. కోర్టుకి ఎవరు వస్తారని అడిగితే చెయ్యెత్తిన వాళ్ళలో ఆవిడ ఉన్నారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి మన దేశం వైపు చూద్దాం. అదే 1962లో, ఫిబ్రవరిలో, ఇండియాలో మూడో సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. 1951 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో చదువు వచ్చినవాళ్ళు నూటికి 18 మందే. అయినా మొదటి ఎన్నికల నుంచీ ప్రతి వయోజనుడికీ ఓటు ఇచ్చారు. చదవలేనివాళ్ళ కోసం కాడెద్దులు, గుడిసె, కంకి కొడవలి లాంటి గుర్తులు పెట్టారు. వేలిముద్ర వేసే మన అమ్మమ్మలు, నానమ్మలు లైనులో నిలబడి దర్జాగా ఓటు వేసి వచ్చారు. మన సమాజంలో కులం పేరు మీద జరిగిన దారుణాలు తక్కువేమీ కాదు. కానీ చదువు లేదన్న వంకతో ఓటు ఆపకూడదని మన రాజ్యాంగం రాసినవాళ్ళు నిశ్చయించుకున్నారు. మిసిసిపీ 1890లో రాసుకున్న రాజ్యాంగం సరిగ్గా దానికి ఎదురు దారి పట్టింది.

1962 ఆగస్టు 31న 18 మంది ఒక పాత బస్సులో కౌంటీ కేంద్రమైన ఇండియనోలాకి వెళ్ళారు. అక్కడ రిజిస్ట్రారు పరీక్ష పెడతాడు. ముందు ఒక దరఖాస్తు నింపాలి. ఎక్కడ ఉంటున్నావు, ఎవరి దగ్గర పని చేస్తున్నావు అని అందులో అడుగుతారు. ఆ వివరాలు యజమానికి చేరడానికి ఎంతోసేపు పట్టదు. పేర్లు రెండు వారాల పాటు పేపర్లో వేయాలని కూడా చట్టం ఉంది. ఆ తరువాత రాష్ట్ర రాజ్యాంగంలోంచి ఒక సెక్షన్ ఇచ్చి, దాన్ని చూసి రాసి, అర్థం వివరించమంటారు. హేమర్‌కి ఇచ్చింది 16వ సెక్షన్. లా చదివినవాళ్ళు కూడా తడబడే విషయం అది. జవాబు సరైందా కాదా అన్నది పూర్తిగా రిజిస్ట్రారు ఇష్టం.

మన భాషలో చెప్పాలంటే అది సిస్టమ్‌లో బగ్ కాదు, సిస్టమ్ రిక్వైర్‌మెంటే అది. సన్‌ఫ్లవర్ కౌంటీ జనాభాలో సగానికి పైగా నల్లవారే. వాళ్ళకి ఓటు వస్తే అధికారం తారుమారవుతుంది. అలా కాకుండా చూసుకోవడానికే ఆ పరీక్ష.

ఆ రోజు ఎవరూ పాసవలేదు. తిరుగు దారిలో పోలీసులు బస్సు ఆపారు. బస్సు రంగు మరీ పసుపుగా ఉండి స్కూలు బస్సులా కనిపిస్తోందని డ్రైవరుకి జరిమానా వేశారు. అదే బస్సులో ఎన్నో సీజన్లు కూలివాళ్ళని పత్తి పనికి తీసుకెళితే ఎవరికీ ఆ రంగు కనిపించలేదు. అందరూ భయంతో ముడుచుకుని కూర్చున్నారు. అప్పుడు హేమర్ చర్చి పాటలు అందుకున్నారు. ఒక్కొక్కరే గొంతు కలిపారు. ఆ రోజు నుంచి ఆవిడ పాట ఉద్యమానికి ఒక ఆయుధమైంది. బస్సులో అందరూ తలా కొంచెం వేసుకుని జరిమానా కట్టి ఇంటికి చేరారు.

ఇంటికి వచ్చేసరికి యజమాని కబురు సిద్ధంగా ఉంది. దరఖాస్తు వెనక్కి తీసుకో, లేకపోతే ఈ రాత్రే వెళ్ళిపో. 18 ఏళ్ళుగా ఉంటున్న ఇల్లు అది. ఓటు హక్కు తన కోసం అడిగాను గానీ యజమాని కోసం కాదని చెప్పి, ఆవిడ ఆ రాత్రే బయటికి నడిచారు. పంట పని అయ్యేదాకా భర్త మాత్రం అక్కడే ఉండవలసి వచ్చింది. పది రోజుల తరువాత, సెప్టెంబరు 10 రాత్రి, ఆవిడ తలదాచుకున్న స్నేహితుల ఇంటి మీద 16 తూటాలు పేలాయి. అదృష్టం కొద్దీ ఆ రాత్రి ఆవిడ ఆ ఇంట్లో లేరు.

డిసెంబరు 4న మళ్ళీ ఇండియనోలా వెళ్ళి పరీక్ష రాశారు. పాసయ్యేదాకా నెల నెలా వస్తూనే ఉంటానని రిజిస్ట్రారుకి చెప్పి మరీ వచ్చారు. ఈలోగా రాజ్యాంగం సెక్షన్లు కూర్చుని చదువుకున్నారు. 1963 జనవరి 10న వెళ్ళి చూసుకుంటే పాసయ్యారు. తీరా ఓటు వెయ్యబోతే, రెండేళ్ళ పోల్ టాక్స్ రసీదులు లేవని తిప్పి పంపారు. ఆ రోజుల్లోనే నీళ్ళ పంపు కూడా లేని వాళ్ళ ఇంటికి 9,000 డాలర్ల నీటి బిల్లు వచ్చింది. వేధించే పద్ధతులు అలా ఉండేవి.

వినోనా జైలు

1963 జూన్ 9న, సౌత్ కెరొలైనాలో ఓటరు శిక్షణ తరగతులకి వెళ్ళి బస్సులో తిరిగి వస్తున్నారు. వినోనా అనే ఊళ్ళో బస్సు ఆగింది. కొందరు దిగి, తెల్లవారికి మాత్రమే అని ఉంచిన హోటల్లోకి వెళ్ళారు. అంతర్రాష్ట్ర బస్సు స్టేషన్లలో అలా వేరు చేయడం అప్పటికే చట్టవిరుద్ధం. పోలీసులు వచ్చి అరెస్టు చేశారు. బస్సులో కూర్చుని ఉన్న హేమర్ ఏం జరుగుతోందో చూద్దామని దిగితే ఆవిడనీ పట్టుకుపోయారు.

జైల్లో ఆవిడని బల్ల మీద బోర్లా పడుకోబెట్టారు. ఇద్దరు నల్ల ఖైదీల చేతికి బరువు నింపిన తోలు లాఠీ ఇచ్చి, కొట్టకపోతే మీ సంగతి చూస్తామని బెదిరించి, వాళ్ళు అలిసిపోయేదాకా ఒకరి తరువాత ఒకరి చేత కొట్టించారు. ఆవిడ కిడ్నీ దెబ్బతింది, ఒక కంట్లో రక్తం గడ్డకట్టి చూపు మందగించింది, కాలి అవిటితనం ఎక్కువైంది. ఆ దెబ్బలు బతికినంత కాలం బాధించాయి. 15 ఏళ్ళ అమ్మాయిని కూడా వదలకుండా కొట్టారు. వాళ్ళు విడుదలైన జూన్ 12నే, తెల్లవారుజామున, జాక్సన్ నగరంలో మెడ్గర్ ఎవర్స్ అనే ఉద్యమ నాయకుడిని ఆయన ఇంటి ముందే కాల్చి చంపారు. వినోనా పోలీసుల మీద డిసెంబరులో ఫెడరల్ కోర్టులో కేసు నడిచింది. జ్యూరీలో అందరూ తెల్లవాళ్ళే. నిందితులందరినీ నిర్దోషులని వదిలేశారు.

మెంఫిస్ నుంచి జాక్సన్ వెళ్ళే ఐ-55 మీద దారి మధ్యలో వినోనా ఎగ్జిట్ వస్తుంది. ఇవాళ అక్కడ మనం గ్యాస్ కొట్టించుకుంటాం, కాఫీ తాగుతాం. ఆ రహదారి పొడుగునా గుజరాతీల మోటళ్ళు ఉన్నాయి. రంగు చూసి బయటికి గెంటే హోటలు ఇప్పుడు లేదు. అది దానంతట అది మారిపోలేదు.

అట్లాంటిక్ సిటీ

1964 నాటికి మిసిసిపీలో ఓటు వయసు వచ్చిన నల్లవారిలో పేరు నమోదైనవాళ్ళు నూటికి ఏడుగురు కూడా లేరు. ఆ రాష్ట్రంలో డెమోక్రటిక్ పార్టీ వాళ్ళని దగ్గరికి రానివ్వదు. అందుకని ఏప్రిల్‌లో ఉద్యమకారులు అన్ని రంగులవాళ్ళూ చేరగల పార్టీ ఒకటి పెట్టారు. దాని పేరు మిసిసిపీ ఫ్రీడమ్ డెమోక్రటిక్ పార్టీ. హేమర్ అందులో ముఖ్య నాయకురాలు. అదే ఏడాది జూన్‌లో పార్లమెంటు సీటుకి ప్రైమరీలో పోటీ చేశారు. గెలవరని అందరికీ తెలుసు. కానీ జీవితంలో మొదటిసారి వేసిన ఓటు ఆవిడ తనకే వేసుకున్నారు.

ఆ వేసవిలో ఉత్తరాది కాలేజీల నుంచి వందలాది విద్యార్థులు ఓటర్ల నమోదుకి మిసిసిపీ వచ్చారు. జూన్ 21న చేనీ, గుడ్‌మన్, ష్వెర్నర్ అనే ముగ్గురు యువకులని చంపి మట్టికట్ట కింద పాతేశారు. శవాలు ఆగస్టు 4న దొరికాయి. ఆ నెలలోనే అట్లాంటిక్ సిటీలో డెమోక్రటిక్ పార్టీ జాతీయ మహాసభ. ఫ్రీడమ్ పార్టీ అరవైకి పైగా ప్రతినిధులతో అక్కడికి వెళ్ళి, మిసిసిపీ తరఫున కూర్చోవలసింది తామేనని వాదించింది.

ఆగస్టు 22న క్రెడెన్షియల్స్ కమిటీ ముందు హేమర్ సాక్ష్యం చెప్పారు. కాగితం చూడకుండా, ఎవరినీ తిట్టకుండా, తన ఊరి పేరుతో మొదలుపెట్టి, బస్సు ప్రయాణం, ఇల్లు పోవడం, తూటాలు, వినోనా జైలు, అన్నీ వరసగా చెప్పుకుంటూ పోయారు. టీవీలో దేశమంతా చూస్తోంది. దక్షిణాది ఓట్లు పోతాయని భయపడిన అధ్యక్షుడు జాన్సన్ అప్పటికప్పుడు ప్రెస్ మీట్ పెట్టాడు. కెమెరాలు అటు తిరిగాయి. కానీ ఆ రాత్రి వార్తల్లో ఆవిడ సాక్ష్యం మళ్ళీ వేశారు. పగలు ఆఫీసుల్లో ఉన్నవాళ్ళు కూడా రాత్రి ఇంట్లో కూర్చుని చూశారు. ఆయన ఎత్తు ఆయనకే ఎదురు తిరిగింది.

చివరికి పార్టీ పెద్దలు రాజీగా రెండు సీట్లు ఇస్తామన్నారు. ఆ ఇద్దరూ ఎవరో కూడా వాళ్ళే తేల్చారు. ఉద్యమంలో బేయర్డ్ రస్టిన్ లాంటి అనుభవజ్ఞులు ఒప్పుకోమని సలహా ఇచ్చారు. రాజకీయంలో వచ్చినంత తీసుకుని ముందుకు పోవాలన్నది వాళ్ళ వాదన. అందులోనూ నిజం ఉంది. కానీ అంతమంది ప్రాణాలొడ్డి వచ్చింది రెండు కుర్చీల కోసం కాదని హేమర్ గట్టిగా నిలబడ్డారు. ప్రతినిధులు రాజీని తిరస్కరించారు. చేతిలో ఏమీ లేకుండానే ఇంటికి బయల్దేరారు. నాలుగేళ్ళ తరువాత, 1968లో, షికాగో మహాసభలో పాత మిసిసిపీ బృందాన్ని పక్కన పెట్టి కొత్త బృందానికి చోటిచ్చారు. అందులో ప్రతినిధిగా హేమర్ లోపలికి వస్తుంటే సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

ఓటు వచ్చాక

1965 ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం వచ్చింది. దక్షిణాదిలో అక్షరాస్యత పరీక్షలు రద్దయ్యాయి, ఫెడరల్ అధికారులే వచ్చి పేర్లు నమోదు చేసుకున్నారు. మిసిసిపీ నల్లవారిలో ఓటర్లుగా నమోదైనవాళ్ళు 1964లో 6.7 శాతం ఉంటే, 1967కి 59.8 శాతం అయ్యారు. మనం చార్టులు గీసే పనిలో ఉన్నవాళ్ళం, మూడేళ్ళలో ఒక గీత అలా నిటారుగా లేవడం అరుదుగా చూస్తాం. ఆ గీత వెనక ఆవిడ లాంటి వాళ్ళ ఒళ్ళు హూనమైన కథ ఉంది.

ఓటు రాగానే ఆకలి పోదని హేమర్‌కి తెలుసు. 1967లో ఆవిడ పెద్ద కూతురు జబ్బు పడింది. దగ్గరి ఆసుపత్రుల్లో చేర్చుకోలేదు, మెంఫిస్‌కి తీసుకెళుతుంటే దారిలోనే చనిపోయింది. కూతురి ఇద్దరు పిల్లలని హేమర్ దంపతులే పెంచుకున్నారు. ఓటు నమోదుకి వెళ్ళిన కూలివాళ్ళని యజమానులు పనిలోంచి తీసేస్తున్నారు, పత్తి తీసే యంత్రాలు కూడా వచ్చేశాయి. 1969లో ఆవిడ ఫ్రీడమ్ ఫార్మ్ అనే సహకార సంఘం పెట్టారు. మొదట 40 ఎకరాలు, తరువాత మరో 640 ఎకరాలు కొన్నారు. కూరగాయలు పండించి పేద కుటుంబాలకి పంచేవారు. పందుల బ్యాంకు ఒకటి నడిపారు. ఒక కుటుంబానికి ఒక ఆడ పందిని ఇస్తారు, అది ఈనాక రెండు పిల్లల్ని బ్యాంకుకి తిరిగి ఇవ్వాలి, అవి మరో కుటుంబానికి వెళతాయి. పాడి గేదెల మీద ఊళ్ళో ఇలాంటి పథకాలు మనం ఎరుగుదుం. భూమి కొన్న బాకీలు, వరదలు, కరువు కలిసి 1970ల మధ్యకల్లా ఆ సంఘం మూతపడింది.

1971లో రాష్ట్ర సెనేట్‌కి పోటీ చేసి ఓడిపోయారు. ఆరోగ్యం అంతకంతకూ క్షీణించింది. 1977 మార్చి 14న, మౌండ్ బయూలోని ఆసుపత్రిలో, 59 ఏళ్ళకే చనిపోయారు. రొమ్ము క్యాన్సర్, రక్తపోటు. చనిపోయేనాటికి చేతిలో డబ్బు లేదు. ఆవిడ సమాధి రూల్‌విల్‌లో, తను నిలబెట్టిన ఫ్రీడమ్ ఫార్మ్ నేల మీదే ఉంది. 2012లో దాని పక్కన మైకు పట్టుకుని పాడుతున్నట్టున్న కంచు విగ్రహం పెట్టారు. 2025 జనవరిలో ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ ప్రకటించారు, ఆవిడ పోయిన 48 ఏళ్ళకి.

మనకేమిటి సంబంధం

సన్‌ఫ్లవర్ కౌంటీలో మరో ప్రముఖుడు కూడా ఉండేవాడు. సెనేటర్ జేమ్స్ ఈస్ట్‌లాండ్. వేల ఎకరాల పత్తి ప్లాంటేషన్ ఆయనది. 1956 నుంచి సెనేట్ జుడీషియరీ కమిటీకి ఆయనే అధ్యక్షుడు. పౌరహక్కుల బిల్లులు ఆ కమిటీలోకి వెళితే బయటికి వచ్చేవి కావు. ఇమ్మిగ్రేషన్ బిల్లులు కూడా ఆ కమిటీ దాటే రావాలి. అంటే, హేమర్‌కి ఓటు వద్దన్నవాళ్ళ గుప్పిట్లోనే మన రాకకి సంబంధించిన తలుపు కూడా ఉండేదన్నమాట.

అప్పటి చట్టం ప్రకారం ఇండియాకి కోటా ఏడాదికి 100 మంది. దాని కన్నా ముందు, 1923లో, భారతీయులు తెల్లవారు కారు కాబట్టి పౌరసత్వానికి అనర్హులని సుప్రీం కోర్టే తీర్పు చెప్పింది. మనిషి రంగునీ, పుట్టిన చోటునీ బట్టి తూచే ఆ తూకం రాయి తప్పని దేశం చేత ఒప్పించింది పౌరహక్కుల ఉద్యమమే. ఓటు హక్కు చట్టం వచ్చిన రెండు నెలలు తిరగకుండా, 1965 అక్టోబరు 3న, దేశాల వారీ పాత కోటాలని రద్దు చేసిన ఇమ్మిగ్రేషన్ చట్టం మీద జాన్సన్ సంతకం పెట్టాడు. రెండు చట్టాలనీ చేసింది ఒకే కాంగ్రెస్. ఆ తలుపులోంచి మొదట డాక్టర్లు, ఇంజనీర్లు, శాస్త్రవేత్తలు వచ్చారు, వాళ్ళ వెనక మనం వచ్చాం. మన ర్యాంకులు, మన జి.ఆర్.ఇ. స్కోర్లు మనవే, కాదనను. కానీ తలుపు మూసి ఉంటే ఆ స్కోరు కార్డు ఎవరికి చూపించేవాళ్ళం?

గ్రీన్ కార్డు లైనులో పదిహేనేళ్ళుగా ఉన్న మిత్రులు, పన్నులు కడుతున్నాం గానీ ఓటు లేదని అప్పుడప్పుడు వాపోతుంటారు. ఆ బాధ నిజమైనదే. కానీ మనం ఇష్టపడి వచ్చినవాళ్ళం, తిరిగి వెళ్ళడానికి మనకో ఊరుంది. హేమర్ పుట్టిన గడ్డ మీదే ఆవిడకి ఓటు లేదు, వెళ్ళడానికి వేరే ఊరు లేదు. ఈ రెండూ ఒకటి కావు. అయితే ఆ కొద్దిపాటి చేదు తెలిసినవాళ్ళం కాబట్టి, ఓటు విలువ మనకి ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

చెప్పవలసింది ఓటు ఉన్న మనవాళ్ళకి. సిటిజెన్‌షిప్ ప్రమాణం అయిపోయాక ఫోటోలు దిగుతాం, పార్టీ చేసుకుంటాం, పాస్‌పోర్టుకి అప్లై చేస్తాం. ఓటరు నమోదు ఫారం మాత్రం కార్ల తాళాల పక్కన గిన్నెలో ఉండిపోతుంది. మన ఒక్క ఓటుతో ఏం మారుతుందిలే అనుకుంటాం. 2013లో సుప్రీం కోర్టు ఓటు హక్కు చట్టంలో ముఖ్యమైన భాగాన్ని కొట్టేసింది. సాధించుకున్నది కూడా కాపలా లేకపోతే నిలవదని దాన్నిబట్టి తెలుస్తోంది. ఎవరికి వెయ్యాలి అన్నది నేను చెప్పను, అది ఎవరి ఇష్టం వాళ్ళది. ఆ ఫారం నింపడానికి పది నిమిషాలు చాలు. హేమర్‌కి నాలుగు నెలలకి పైగా పట్టింది, ఒక ఇల్లు పోయింది. నింపేశాక పిల్లలని కూర్చోబెట్టుకుని, సరైన రాయి పొలానికి మోసుకెళ్ళిన ఆవిడ కథ ఒకసారి చెప్పండి. ఈసారి స్కూలు ప్రాజెక్టుకి వాళ్ళకి కొత్త పేరు దొరుకుతుంది.